సాయవ్వ ఇంటి మీద లేచే చుక్క కోసం ఎల్లారెడ్డి దాకా

సరదాకి బయలుదేరిన ప్రయాణం కాదిది, ఒళ్లు మండి బయలుదేరింది. 2012లో, యాసంగి వరినాట్లు జోరుగా నడుస్తున్న రోజుల్లో, హాస్టల్లో నాతో పాటు చదువుకున్న లక్ష్మి ఫోన్ చేసింది. తను ఎల్లారెడ్డికి దగ్గర్లో ఒక చిన్న ఊళ్లో అంగన్‌వాడీ టీచరు. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. "సుజా, నువ్వు కంప్యూటర్ల చూసి ఆకాశంల తిరిగేటివి ఎప్పుడొస్తయో చెప్తవు గద. ఒక్కసారి మా ఊరికి రావె. లేకపోతె ఒక ముసలామె ఆగమైతది" అంది.

సంగతేమిటంటే, ఆ ఊరికి పడమటి చివర సాయవ్వ అనే ఆమె ఒక్కతే ఉంటుంది. కొంతకాలంగా పొద్దుగూకాక ఆమె ఇంటి వెనక నుంచి పెద్ద చుక్కొకటి లేచి, చప్పుడు లేకుండా ఊరి మీదికి వచ్చి, ఉన్నట్టుండి ఆరిపోతోందట. నాలుగైదు రోజులు వరసగా కనబడుతుంది, మళ్లీ కొన్నాళ్లు ఉండదు. ఒకరోజు అది సరిగ్గా ఎవరి ఇంటి మీద ఆరిపోయిందనుకున్నారో ఆ ఇంట్లో పాడిబర్రె చచ్చిపోయింది. ఇంకేముంది, సాయవ్వ బాణామతి చేస్తోందన్నారు. ఎవరూ కొట్టలేదు, మొహం మీద తిట్టలేదు. నాట్లకు పిలవడం మానేశారు, అంతే. ఆ నాట్ల కూలితోనే ఆమెకు ఏడాది గింజలు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే జనం మధ్య ఆమె చేతులు ముడుచుకుని ఇంట్లో కూర్చుంది. నాట్లు ఇంకో పది రోజుల్లో అయిపోతాయని లక్ష్మి చెప్పింది. వింటుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నేను సికింద్రాబాద్‌లో ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో పనిచేస్తాను. పెద్ద టెలిస్కోపు ఏమీ లేదు. ఒక పాత బైనాక్యులర్, ఇంటి సందు చివర నెట్ సెంటర్, ఇవే నా సరంజామా. కొత్తగా ఆకాశం చూడాలనుకునేవాళ్లకు నిజంగా ఇంతకు మించి అక్కర్లేదు. ఉపగ్రహాలు ఎప్పుడు కనబడతాయో చెప్పే సైట్లు ఉచితంగానే ఉన్నాయి. మన ఊరు ఎంచుకుంటే ఏ రోజు, ఏ నిమిషానికి, ఏ దిక్కున, ఎంత ఎత్తులో, ఎంత వెలుగుతో వస్తుందో పట్టిక ఇస్తాయి. వెలుగు అంకె ఎంత తగ్గితే చుక్క అంత పెద్దగా కనబడుతుంది, మైనస్‌లో ఉంటే ఇంకా పెద్దది. నక్షత్రాల పటం చూపించే ప్రోగ్రాము ఒకటి దించుకుని, సాయంత్రం ఏ తార ఎక్కడుందో ముందే చూసుకుంటే దిక్కులు తప్పవు.

లక్ష్మి చెప్పిన లక్షణాలు వినగానే అది భూమి చుట్టూ తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమేనని నాకు తెలిసిపోయింది. అది బాగా కనబడే సాయంత్రం ఏదో చూద్దామని సైటు తెరిస్తే వాళ్ల ఊరు జాబితాలో లేదు. కామారెడ్డి ఉంది, అదే నొక్కాను. శనివారం సాయంత్రం రెండు కనబడ్డాయి. ఆరూ నలభై మూడుకు ఒక ఫోన్ల ఉపగ్రహం రేకు మీద ఎండ పడి అద్దంలా తళుక్కుమంటుంది, చందమామను తప్పిస్తే ఆకాశంలో దేనికీ ఉండనంత వెలుగు. ఆరూ యాభై ఏడుకు పడమటి నుంచి అంతరిక్ష కేంద్రం లేస్తుంది, ఏడూ ఒకటికి ఆరిపోతుంది. రెండూ చూపిస్తే ఇక ఎవరు నోరెత్తుతారని, ఐదు రూపాయలిచ్చి కాగితం మీద అచ్చు వేయించుకున్నాను.

శనివారం పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కి పదిన్నరకు కామారెడ్డిలో దిగాను. స్టేషన్ బయట మిర్చీలు తిని, చాయ్ తాగి, బస్టాండుకు నడిచాను. ఎల్లారెడ్డి బస్సు తాడ్వాయి, లింగంపేట మీదుగా గంటన్నర లోపే చేరుస్తుంది. కండక్టర్ నా బైనాక్యులర్ చూసి "సర్వేకొచ్చిన్రా మేడం?" అని అడిగాడు. చుక్కలు చూడ్డానికి అంటే, "పట్నంల సుత కనవడ్తయి గద చుక్కలు, గిందుకు ఇంత దూరమా?" అని నవ్వాడు. పట్నంలో దీపాల వెలుగుకు ఏమీ కనబడవయ్యా అన్నాను. కరెంటు కోతలకు మేం రోజూ చుక్కలే చూస్తున్నామన్నాడు. ఆ రోజు నేను నవ్వింది అదొక్కసారే.

ఎల్లారెడ్డి నుంచి షేర్ ఆటో, మనిషికి పది రూపాయలు. ఊరి పేరు చెప్పగానే డ్రైవర్ వెనక్కి తిరిగి చూశాడు. "మేడం, పొద్దుగూకినంక పడమటి దిక్కు పోకుండ్రి. ఆడొక ముసలామె ఉన్నది, దీపాలు లేపుతది."

"నువ్వు చూశావా?"

"నేను జూడలె. అందరంటున్నరు."

"అందరూ అంటే నువ్వూ అంటావా? చూడకుండానే ప్యాసింజర్లందరికీ చెప్తున్నావా?" గొంతు పెంచాను. అతను ఊరి దాకా పోకుండా మూలమలుపు దగ్గరే దింపేసి, పది రూపాయలు మాత్రం పూర్తిగా తీసుకున్నాడు.

లక్ష్మి ఇంట్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని సాయవ్వ దగ్గరికి వెళ్లాను. నన్ను చూడగానే ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. వాకిట్లో చీపురు పుల్లలు ఏరుతూ, "పట్నం నుంచి ఎవ్వరో వస్తున్నరని లక్ష్మి చెప్పింది. నువ్వేనా? కూసో బిడ్డా" అంది. సాయంత్రం బడి ముందుకు రమ్మని అడిగితే, "నేనెందుకు? నా మీద తీర్పా?" అని ఒక్క మాట అంది. కానీ వచ్చింది. బడి గోడకు దూరంగా, ఎవరికీ దగ్గర కాకుండా నిలబడింది.

ఆరున్నరకల్లా నలభై మంది దాకా పోగయ్యారు. కరెంటు కోత ఉండటం కలిసొచ్చింది. నాట్ల గుంపును నడిపే బాలమణి కూడా వచ్చింది. చచ్చిపోయిన బర్రె ఆమెదే. నేను కాగితం ఎత్తి పట్టుకుని, ఇంకో పది నిమిషాల్లో ఇదిగో ఈ దిక్కున తళుక్కుమంటుంది చూడండని గొప్పగా చెప్పాను. నలభై ఒకటి, నలభై రెండు, నలభై మూడు. ఏమీ లేదు. నలభై నాలుగు. నలభై మంది మెడలు ఎత్తి చూస్తున్నారు, ఆకాశం ఖాళీగా ఉంది. బైనాక్యులర్‌లో ఒక మసక చుక్క కదిలినట్టు నాకొక్కదానికే కనిపించింది.

అప్పుడే లక్ష్మి ఫోన్ మోగింది. కామారెడ్డిలో ఉండే వాళ్ల తమ్ముడు. తననూ చూడమని మేమే చెప్పాం. "అక్కా, ఏం వెలిగిందే! టార్చిలైట్ కొట్టినట్టు వెలిగింది!" అని అరుస్తున్నాడు. నాకు అప్పుడు తెలిసొచ్చింది. ఆ తళుకు అద్దం మీంచి గోడ మీద పడే ఎండలాంటిది, భూమి మీద సన్నటి పట్టీలోనే పడుతుంది. నలభై కిలోమీటర్లు పక్కకు జరిగితే పోయినట్టే. కామారెడ్డికి తీసిన లెక్కను పట్టుకొచ్చి ఎల్లారెడ్డి దగ్గర చూపించబోయాను. ఇరవై ఏళ్లు ల్యాబులో పనిచేసి ఇంత బుద్ధిలేని పని చేసినందుకు నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు. నా పరువు పోతే పోయింది, అక్కడ గోడ పక్కన నిలబడ్డ మనిషి తిండి నా చేతిలో ఉంది.

"కామారెడ్డిల కనవడ్డదట, మనకే కనవడలే. ఈడ ఎవ్వరో ఆపిండ్రన్నట్టు" అని వెనక నుంచి ఎవరో అన్నారు. నవ్వులు. కొందరు ఇంటిదారి పట్టారు. సాయవ్వ కదలలేదు.

"పోయేవాళ్లు పొండి, రేపు మళ్లీ ఆమె పేరెత్తితే మాత్రం ఊరుకోను!" అని అరిచాను. నాది కాని ఊళ్లో అలా అరవకూడదని తెలుసు. అయినా అరిచాను. తప్పు నాదేనని, లెక్క వేరే ఊరిదని ఒప్పుకున్నాను. అసలు చుక్క మాత్రం ఆరూ యాభై ఏడుకు సాయవ్వ ఇంటి వెనక నుంచే లేస్తుంది, ఏడూ ఒకటికి మనల్ని దాటాక ఆరిపోతుంది, చాలా ఎత్తున పోతుంది కాబట్టి కామారెడ్డిలోనూ అదే వేళకు కనబడుతుంది, అక్కడా సాయవ్వే లేపుతోందేమో అడగండి అన్నాను. లక్ష్మి ఫోన్ కట్ చేయకుండా స్పీకర్ పెట్టింది.

యాభై ఏడు కాగానే లేచింది. తాపీగా, తెల్లగా, మినుకుమినుకు లేకుండా పైకెక్కింది. ఫోన్లో తమ్ముడు "ఆ, వస్తున్నది, ఈడ సుత వస్తున్నది" అంటున్నాడు. నేను గడియారం చూస్తూ బిగ్గరగా లెక్క చెప్తున్నాను. ఏడూ ఒకటికి అది ఎర్రబడి ఆరిపోయింది. ఫోన్లో "ఆరిపోయిందక్కా" అన్నాడు.

"అండ్ల ఏమున్నది?" ఒక ముసలాయన అడిగాడు. ఆరుగురు మనుషులున్నారు బాపూ అన్నాను. "మరి మా ఇండ్ల మీదికొచ్చే ఎందుకారిపోతది?" అని బాలమణి నిలదీసింది. మనకు పొద్దుగూకినా అంత ఎత్తున ఉన్నదానికి ఇంకా ఎండ తగులుతుందని, భూమి నీడలోకి పోగానే ఆరిపోతుందని, కామారెడ్డి వాళ్లకూ తమ నెత్తి మీదే ఆరినట్టు ఉంటుందని చెప్పాను. బాలమణి నా చేతిలోంచి కాగితం తీసుకుని టార్చి వేసి చూసింది. ఆమెకు చదువు రాదు. అయినా అంకెల మీద వేలు పెట్టి, "కంప్యూటర్ల రాసున్నదంటె నిజమే గావచ్చు" అంది. సాయవ్వ వైపు పూర్తిగా తిరగకుండానే, "పొద్దుగాల నాటుకు రా" అని వెళ్లిపోయింది.

ఆ రాత్రి సాయవ్వ ఇంట్లోనే పడుకున్నాను. గెలిచామన్న సంబరంలో "చూశావా అవ్వా, నమ్మారు" అన్నాను. ఆమె దుప్పటి సర్దుకుంటూ, "వాండ్లు నమ్మింది నీ కాయిదాన్ని బిడ్డా. నన్ను గాదు. ముప్పై ఏండ్ల సంది వాండ్ల పొలాలల్ల నాటేసిన, ఒక్కతన్న నన్నడిగిందా?" అంది. నా సంబరం అక్కడితో సరి.

పొద్దున ఏడింటికి ఆమెతో పాటు పొలానికి వెళ్లాను. నాటు వేసేటప్పుడు ఆడవాళ్లు పక్కపక్కన వంగి, ఒక్కొక్కరు చేతికందినంత మేర నాటుకుంటూ వరసగా వెనక్కి జరుగుతారు. ఆ వరసను మునుం అంటారు. మునుంలో సందు ఉండకూడదు, ఉంటే అంత మేర మడి ఖాళీగా మిగిలిపోతుంది. సాయవ్వ చివర దిగింది. ఆమెకూ పక్కామెకూ మధ్య ఇద్దరు మనుషులు పట్టేంత సందు వదిలేశారు. సాయవ్వ తన మేర నాటింది, అటు జరిగి ఆ సందూ నాటింది, మళ్లీ తన చోటుకు వచ్చింది. ముగ్గురి పని, ఒక్కరి కూలి. కాసేపటికి బాలమణి అరిచింది: "సాయవ్వా, ఎనుకవడుతున్నవ్!"

నేను చీర ఎగదోపుకుని బురదలోకి దిగిపోయాను. బాలమణిని కడిగెయ్యాలనీ, ఆ సందులో నేనే నిలబడాలనీ. సాయవ్వ తలెత్తి, "ఒడ్డుకు పో బిడ్డా. నీకు నాటేసుడు రాదు, నారు ఖరాబైతది. నువ్వు లొల్లి జేసి బస్సెక్కి పోతవు, నేనీడ ఉండాలె" అంది. ఒడ్డెక్కాను. పదకొండు గంటల బస్సుకు కాళ్లకు ఎండిన బురదతోనే ఎక్కాను.

మూడో రోజు లక్ష్మి ఫోన్ చేసింది. "రోజూ పిలుస్తున్నరు సుజా. సందు గూడ తగ్గింది. ఇప్పుడు ఒక్క మనిషి మందమే" అంది. సంతోషంగానే చెప్పింది. నాకు సంతోషం రాలేదు, ఇది రాస్తుంటే కూడా కోపమే వస్తోంది. ఆకాశంలో నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తున పోయేది నిమిషం తప్పకుండా ఎక్కడుంటుందో ఐదు రూపాయల కాగితం చెప్పేస్తుంది. పక్కనే వంగి నాటు వేస్తున్న మనిషికి ఒక అడుగు దగ్గరికి జరగడానికి ఎన్నాళ్లు పడుతుందో చెప్పే సైటు నాకు దొరకలేదు. ఆ కాగితం చూపించి ఊరి భయం పోగొట్టాననుకున్నాను. పోయింది చుక్క మీది భయమే.

ఇలాంటి పని మీద ఏ ఊరికైనా వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. చుక్క చూపించేసి సాయంత్రం ఆఖరి బస్సు ఎక్కేయకండి. ఆ రాత్రి అక్కడే ఉండి, తెల్లారాక వాళ్లతో పాటు పొలానికి వెళ్లండి. ఆమె పక్కన ఎవరు నిలబడ్డారో చూశాకే తిరుగు టికెట్ తీసుకోండి.