కాగితంలో ఉన్న నా ఇల్లు

పెళ్లయినప్పటి నుంచి మేము సూర్యాపేటలో కిరాయి ఇంట్లోనే ఉన్నాం. నిరుడు చిన్న ఫ్లాటు కొందామని, మొదటిసారి ఇల్లు కొనేవాళ్లకిచ్చే వడ్డీ రాయితీ కోసం బ్యాంకుకు వెళ్లాను.

"తిరుమలగిరిల మీ పేరు మీద ఇల్లున్నది గదమ్మా, లేదని ఎందుకు రాసిన్రు?" అని ఆఫీసరు అందరిముందూ అడిగాడు. సిగ్గేసింది. నాన్న పోయాక అన్న పేరుతోపాటు నా పేరూ ఎక్కిన ఇల్లది. ఉండేది మాత్రం అన్నావాళ్లే; నేనక్కడికి వెళితే వరండాలోనే పడుకోవాలి.

రాయితీ రాదన్నారు. ఒళ్లు మండి, అటునుంచటే తిరుమలగిరి బస్సెక్కాను.

"ముందటి అర్ర నాకు ఖాళీ చెయ్యన్నా," అన్నాను.

"పెండ్లయి పోయినదానివి, గీడ నీకేం వాటా?"

"గా మాట బ్యాంకోళ్లకు చెప్దువు, నడువు."

అన్న లేచి ఆ గదిలో సామాను సర్దసాగాడు. ఆ సాయంత్రమే గది ఖాళీ చేయించి, నా తాళం వేసి వచ్చాను. రాయితీ పోయిందన్న కోపం ఇంకా తగ్గలేదు. ఆ గదిని మాత్రం వదులుకోను.