కుట్టు విప్పిన నాలుగో భాగం

నిన్న సాయంత్రం మా కోడలు టీవీలో ఏదో సైకలాజికల్ థ్రిల్లర్ చూస్తూ, "మామా, హంతకుడెవరో చెప్పు చూద్దాం!" అంది. అంతే! నేను టీ గ్లాసు పట్టుకుని వరండాలోకి వచ్చేశాను. పాపం, ఆ పిల్లకేం తెలుసు? ఒకప్పుడు హంతకుడెవరో కరెక్టుగా చెప్పి, ఆ పుణ్యాన ఇద్దరు మనుషుల్ని కువైట్ ఎడారిలో ఆగస్టు ఎండకు నిలబెట్టినవాణ్ణి నేను. కూర్చోండి, చెప్తాను. నవ్వుకోండి, పర్వాలేదు. నేనూ నవ్వుతాను. కాకపోతే మధ్యలో ఒకచోట నాకు నవ్వు రాదు.

అప్పట్లో నేను కువైట్‌లోని అహ్మదిలో ఒక కాంట్రాక్టు కంపెనీలో స్టోర్‌కీపర్ని. పైపులు, వాల్వులు, బోల్టులు, లెడ్జరు. నాలుగు మాటలు మాట్లాడుకుందామంటే మనిషి దొరకడు. నాతోపాటు బొంబాయి విమానంలో పక్క సీట్లో కూర్చుని వచ్చిన ఖాజా, రాయచోటి మనిషి, షర్క్‌లో ఒక టైలర్ షాపులో కటింగ్ మాస్టరు. వాళ్ళ వీధి అమ్మాయే రెడ్డెమ్మ. సాల్మియాలో ఒక కువైటీ ఇంట్లో వంటపని. మా ముగ్గురికీ ఉన్నది ఒకటే జబ్బు, తెలుగు నవలల పిచ్చి. నాకు శుక్రవారం సెలవుంటే రెడ్డెమ్మకు ఉండదు, ఆమెకు దొరికితే ఖాజాకు పండగ కుట్లు. కలుసుకోవడం ఎప్పటికీ కుదరదు. అందుకని పోస్టునే నమ్ముకున్నాం.

ఖాజా ఒకసారి లీవుకు పోయి వస్తూ బస్టాండులో ఒక లావుపాటి నవల కొనుక్కొచ్చాడు. అట్ట దారిలోనే ఊడిపోయింది, పేరు కూడా లేదు. కథ మాత్రం భలే కథ! పెద్ద ఇల్లు, అందులో ఒకావిడ. తన వస్తువులు ఎవరో కదిలిస్తున్నారని, తన పాలల్లో ఏదో కలుపుతున్నారని ఆవిడకు అనుమానం. నిజమేనా, లేక ఆవిడకే మతి చలించిందా? ఇంట్లో చెంప మీద గాటున్న తోటమాలి ఒకడు, ఎవరితోనూ పలకడు. రోజూ వచ్చే డాక్టరు ఒకాయన, నవ్వు చెరగదు, మాత్రా మంచినీళ్ళ గ్లాసూ స్వయంగా అందిస్తాడు. మధ్యలో ఒక హత్య.

లావు పార్సెల్ అయితే పోస్టాఫీసులో విప్పి చూస్తారని ఖాజా ఆ పుస్తకాన్ని కత్తెరతో నాలుగు భాగాలు చేశాడు. ఒక్కోదాన్నీ మెషిన్ మీద కుట్టి, ఒక్కో బ్రౌన్ కవర్లో పెట్టి పంపేవాడు. ముందు ఖాజా, తర్వాత నేను, తర్వాత రెడ్డెమ్మ. ఒక్కో భాగం చదివాక ఎవరి మీద అనుమానమో, ఎందుకో కాగితం మీద రాసి మిగతా ఇద్దరికీ పోస్టు చెయ్యాలి. నాలుగో భాగాన్ని మాత్రం సంచి మూతి కుట్టినట్టు చుట్టూ కుట్టేశాడు. ముగ్గురి ఫైనల్ అభిప్రాయాలూ ముగ్గురికీ చేరాకే అది విప్పాలి, అదీ రెడ్డెమ్మే విప్పాలి, ఆ తర్వాతే మాకు రావాలి. "నేను కూడా చూడలేదు, అల్లా మీద ఒట్టు" అని రాశాడు ఖాజా.

ఆ కుట్టిన నాలుగో భాగం, మూడో భాగంతో పాటు నా దగ్గరకొచ్చింది. నా పని దాన్ని రెడ్డెమ్మకు పంపడం. అంతే!

మూడో భాగం డాక్టరు మెట్లెక్కుతుండగా ఆగిపోయింది. రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడో రోజు లంచ్ టైములో, స్టోరు తలుపు వేసి, షేవింగ్ బ్లేడు తీశాను. ఒక్కొక్క కుట్టూ కత్తిరించి, డబ్బాలో అన్నం చల్లారిపోతున్నా పట్టించుకోకుండా చివరి పేజీ దాకా చదివేశాను. డాక్టరే! ఆ నవ్వే డాక్టరే! తోటమాలి వెన్నపూస లాంటి మనిషి. తర్వాత సూదీ దారం తీసుకుని మళ్ళీ కుట్టాను. బటన్లు కుట్టుకునే చెయ్యి కదా, బాగానే వచ్చిందనుకున్నాను.

ఆపైన నా అభిప్రాయం రాశాను. రెండు ఠావులు! "ఎక్కువగా నవ్వేవాణ్ణి నమ్మకూడదు. మొహం మాడ్చుకున్నవాడి లోపల మెత్తదనం ఉంటుంది. ఇది మనస్తత్వ శాస్త్రం" అని రాశాను. సిగ్గులేకుండా "నా అనుభవంలో" అని కూడా తగిలించాను. నా అనుభవమేమిటి, బోల్టులు లెక్కపెట్టడం!

రెడ్డెమ్మ దగ్గర్నించి జాబు వచ్చింది. "అన్నా, నువ్వు మామూలు మనిషివి కాదన్నా. నేను తోటమాలి అనుకున్యా. పుస్తకం విప్పితే నువ్వు చెప్పినట్లే ఉండాది. నాకు ఒళ్ళు జలదరించె." ఆ భాగం తన చేతికి చేరాక ఖాజా రాసిన ఉత్తరం మాత్రం రెండు లైన్లు. "రాయుడూ, నీ చేతిపని చూసినా. ఇంత ఓపిక నాకు కూడా లేదు." రెండు ఠావులు రాశాను కదా, దాన్ని మెచ్చుకుంటున్నాడనుకుని మురిసిపోయాను.

రెడ్డెమ్మ ఊరుకుంటుందా? తెలిసిన ఆడవాళ్ళందరికీ చెప్పింది. నాకు ఉత్తరాలు మొదలయ్యాయి. "మా మామాకు కోపం ఎప్పుడు తగ్గుతుంది?" "మా కఫీల్ లీవిస్తాడా, ఇవ్వడా?" మామా అంటే ఇంటి యజమానురాలు, కఫీల్ అంటే మన వీసా చేతిలో ఉన్న యజమాని. నేను వాళ్ళెవర్నీ చూసింది లేదు. అయినా జవాబులు రాశాను! ఒకావిడకు నిజంగానే లీవు దొరికింది. నా పేరు షుఐబా రేవు దాకా పాకింది.

తర్వాత ఒక పొద్దున స్టోరుకు పోతే గేటు దగ్గర ఇరాక్ ట్యాంకు నిలబడి ఉంది.

ఇరాక్ కువైట్‌ను ఆక్రమించిన ఆ రోజులు మీకు తెలుసు కదా, రేడియోలో విన్నారు, పేపర్లో చదివారు. పోస్టు ఆగిపోయింది. రొట్టె కోసం క్యూ, నీళ్ళ కోసం క్యూ. ఊళ్ళో ఫోన్లు మాత్రం ఇంకా పలికేవి. మనవాళ్ళంతా బస్సుల్లోనో, లారీల్లోనో బస్రా మీదుగా బయటపడుతున్నారు. ఖాజా ఫోన్ చేశాడు. "రాయుడూ, రెడ్డెమ్మ ఇల్లు కదలనంటాంది. వాళ్ళ మామా వాళ్ళు ఎండాకాలమని ముందే దేశం దాటిరి. ఆ ఇంట్లో ఒక్కతే తలుపేసుకుని కూర్చోనుండాది. నేను చెప్తే వినడంల్యా. నువ్వు ఒక మాట చెప్పు."

నేను ఆమెకు ఫోన్ చేశాను.

"బయట ఎవురు మంచోళ్ళో, ఎవురు చెడ్డోళ్ళో నాకెట్ల తెలుస్తాదన్నా? నువ్వు మనిషిని చూసి మంచోడంటేనే నేను బండెక్కేది. లేకుంటే ఈ తలుపు తియ్యను."

అప్పుడు చెప్పాలి నిజం. చెప్పలేదు. "నేనుండాను గదమ్మా, భయపడొద్దు" అన్నాను.

ఎంబసీ కాగితాలు చేతికొచ్చాక ముగ్గురం ఒకచోట కలిశాం. అన్నేళ్ళ ఉత్తరాల తర్వాత రెడ్డెమ్మను సరిగ్గా చూడడం అదే మొదటిసారి. బక్కపల్చటి మనిషి, చేతిలో ఒక బట్టల మూట, ఒక తాళాల గుత్తి. ఇంటికి తాళం వేసి, మామా వచ్చాక ఇవ్వాలని తెచ్చుకుంది.

బస్రా దాకా తీసుకుపోతామని ఇద్దరు డ్రైవర్లు వచ్చారు. ఒకాయన పెద్దాయన, తెల్ల గడ్డం, మంచి బస్సు. మమ్మల్ని చూడగానే నవ్వు. రెడ్డెమ్మ చేతిలో ఖర్జూరాలు పెట్టాడు. "యల్లా, పదండి, నాలుగు సీట్లున్నాయి" అన్నాడు అరబ్బీలో. రెండోవాడిది డొక్కు పికప్. పలకడు, మొహం చూడడు. ఆ మొహం తిప్పినప్పుడు చూశాను... చెంప మీద గాటు!

నవల కళ్ళ ముందు తిరిగింది. నవ్వేవాడు, ఇచ్చేవాడు... గాటున్నవాడు, పలకనివాడు... అచ్చం అదే!

"బస్సు బాగుండాది గదా" అన్నాడు ఖాజా మెల్లగా.

రెడ్డెమ్మ నా వైపే చూస్తోంది. నేను గొంతు సవరించుకుని, "పికప్" అన్నాను.

ఖాజా నన్నొకసారి చూసి, పెట్టెలు పికప్‌లో పెట్టాడు.

రెండు గంటలు బాగానే పోయాం. సరిహద్దు ఇంకా రాలేదు. దూరంగా రోడ్డు మీద మిలిటరీ బళ్ళు కనపడగానే అతను పికప్ ఆపేశాడు. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. తర్వాత "ఖలాస్" అన్నాడు. ఇక అయిపోయిందని. మేం బతిమాలాం. "బింతీ, బింతీ" అంటూ వెనక్కి, ఊరి వైపు చూపించాడు. వాడి కూతురు అక్కడే ఉండిపోయింది. పెట్టెలు ఒక్కొక్కటే జాగ్రత్తగా దించాడు. తన నీళ్ళ క్యానులో సగం మా సీసాలో పోశాడు. బండి తిప్పుకుని పోయాడు. వాణ్ణి తిట్టడానికి కూడా నాకు నోరు రాలేదు. హంతకుడూ కాదు, వెన్నపూసా కాదు. భయపడ్డ మనిషి.

చెట్టు లేదు, నీడ లేదు. రెడ్డెమ్మ మూట మీద కూర్చుని కొంగు నెత్తిన కప్పుకుంది. కాసేపటికి తలెత్తి అడిగింది. "ఆయప్ప తిరిగొస్తాడా అన్నా? నీకు తెలుస్తాది గదా."

ఇదిగో, నాకు నవ్వు రానిది ఇక్కడే. "వస్తాడమ్మా" అన్నాను. ఆమె సరేనని తలూపి, రోడ్డు వైపు నమ్మకంగా చూస్తూ కూర్చుంది. నా బతుకులో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. సీసాలో నీళ్ళు అయిపోయాయి. ఎన్ని బళ్ళు పోయాయో, ఒక్కటీ ఆగలేదు.

చివరికి ఒకటి ఆగింది. ఎవరి బస్సనుకున్నారు? తెల్లగడ్డం పెద్దాయనది! కిటకిటలాడుతోంది జనంతో. మమ్మల్ని చూసి ఆయనది మళ్ళీ అదే నవ్వు! "యల్లా, యల్లా!" అని అరిచి, వాళ్ళనీ వీళ్ళనీ జరిపి, మూటల మీద మాకు చోటు చేశాడు. తర్వాత స్టీలు గ్లాసుతో నీళ్ళు ముంచి, నవ్వుతూ, స్వయంగా నా చేతికి అందించాడు.

నవ్వుతూ. గ్లాసుతో. స్వయంగా!

నమ్ముతారా, నేను తాగలేదు! నాలుక పిడచకట్టుకుపోయింది, గ్లాసు చేతిలో ఉంది, అయినా నా బుర్రలో ఆ డాక్టరే. ఖాజా ఇంకో గ్లాసు అందుకుని గటగటా తాగేశాడు. వాడికేమైనా అవుతుందేమోనని వాడి కళ్ళలోకి చూస్తూ కూర్చున్నాను. "ఏందిరా అట్ల చూస్తాండావు?" అన్నాడు వాడు. అప్పుడు గమనించాను. రెడ్డెమ్మ తన గ్లాసు ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తోంది. పెదాలు పగిలిపోయాయి. నేను తాగమంటేనే తాగేట్టు ఉంది.

ఇంక నావల్ల కాలేదు.

"తాగమ్మా" అన్నాను. "నాకేం తెలీదు. మనసులు చదివేది నాకు రాదు. ఆ నాలుగో భాగం నేను ముందే విప్పి చదివినా. చదివి మళ్ళా కుట్టినా. అంతా అబద్ధం."

ఆమె గ్లాసెత్తి చుక్క మిగలకుండా తాగింది. ఆ తర్వాత మొహం కిటికీ వైపు తిప్పుకుంది. బస్రా వచ్చింది, బాగ్దాద్ వచ్చింది, జోర్డాన్ సరిహద్దు వచ్చింది. నాతో ఒక్క మాట లేదు!

జోర్డాన్ గుడారాల్లో రొట్టె క్యూలో నిలబడ్డప్పుడు ఖాజా దగ్గర మొత్తుకున్నాను. వాడు తాపీగా అన్నాడు. "నాకు మొదట్నించీ తెలుసు, రాయుడూ."

"ఏంది?"

"నా మెషిన్ కుట్టు నాకు తెలీదా? మెషిన్ బొక్కలు ఒక్క తీరుగా ఉంటాయి. నీ సూది బొక్కలు తాగి నడిచినోని అడుగుల మాదిరి ఉండాయి. నీ చేతిపని చూసినా అని రాసినా గదా."

"మరి అప్పుడే అడగకపోతివే!"

"కలిసినప్పుడు నలుగుర్లో పెట్టి నవ్వుదామనుకున్యా. ఇంతలో ఇది వచ్చిపడె. నేను రమ్మంటే ఆ యమ్మి తలుపు తియ్యల్యా. నీ మాట మీద తీసె. నీ శాస్త్రం అబద్ధమైతే నాకేంది, ఆ తలుపు తెరుచుకునె గదా."

"డ్రైవర్నన్నా నువ్వు ఎంచుకోవాల్సింది!"

"బస్సే అని గట్టిగా చెప్పింటే ఆమె నీ మీద నమ్మకం పోయి, వెనక్కి మళ్ళి ఇంట్లో కూర్చుంటాదేమోనని భయపడినా" అన్నాడు. క్యూలో ఒక అడుగు ముందుకేసి, "తప్పు నీదొక్కనిదే కాదులే, నాది కూడా సగం" అన్నాడు. నా రొట్టె కూడా వాడే అందుకుని నాకిచ్చాడు.

బొంబాయిలో దిగాక రెడ్డెమ్మ తన మూట తీసుకుని రాయచోటి వాళ్ళతో కలిసి వెళ్ళిపోయింది. నా వైపు చూడలేదు. తాళాల గుత్తి మాత్రం చేతిలోనే ఉంది. ఈ జన్మకు ఇక మాట్లాడదనుకున్నాను.

కొన్ని నెలలయ్యాక మా ఇంటికి ఒక బ్రౌన్ కవరు వచ్చింది. రాయచోటి ముద్ర. లోపల కొత్త థ్రిల్లరు, మూడు భాగాలు, చేత్తో గట్టిగా కుట్టినవి. ఒక చీటీ. "అన్నా, మామా వాళ్ళు క్షేమంగా ఉండారంట, కబురు వచ్చె. నాలుగో భాగం నా ట్రంకుపెట్టెలో ఉండాది. తాళంచెవి నా మెడలో ఉండాది. ముందు నీ అభిప్రాయం రాయి, చూస్తాం."

"అన్నా" అని రాసింది! నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఈసారి నిజాయితీగా, నా బుర్రతోనే కనిపెట్టాలని ఒట్టేసుకున్నాను. మొదటి భాగం చదివాను, మూడో భాగం చదివాను, బాగా ఆలోచించి నాలుగు పేజీల మనస్తత్వ శాస్త్రం రాసి, హంతకుడు ఇంట్లో లెక్కలు రాసే గుమస్తాయేనని తేల్చి పోస్టు చేశాను.

జవాబు కార్డు మీద వచ్చింది. మా పోస్టుమ్యాన్ దాన్ని దారిలోనే చదివేసినట్టున్నాడు, ఇచ్చేటప్పుడు మూతి బిగబట్టుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. రెడ్డెమ్మ రెండే లైన్లు రాసింది.

"అన్నా, నువ్వు చెప్పిన గుమస్తాను రెండో భాగంలోనే పాడె కట్టి మోసకపోయిరి గదన్నా. ఈసారి చివరిది కాకుండా నడిమిదాన్ని ఎగరగొట్టినావా?"