లివరు కాగితం, చోడి అంబలి

ఈ సంగతి జరిగి ముప్పై ఏళ్ళవుతోంది. ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదంటే, రాయడం రాక. శ్రీకాకుళం వైపు మా ఊళ్ళో బడి ఉండేది గానీ నా చంకలో ఎప్పుడూ ఒక చెల్లెలో తమ్ముడో ఉండేవాళ్ళు. పెళ్ళై భిలాయి వచ్చాక బోర్డులన్నీ హిందీలోనే ఉండేవి కాబట్టి, పాపం తెలుగావిడ, హిందీ చదవలేదులే అని అందరూ సరిపెట్టుకున్నారు. తెలుగు కూడా రాదని నేను చెప్పలేదు. యాభై దాటాక వైశాలి నగర్‌లో మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకి తెలుగు అక్షరాలు నేర్పుతున్నారంటే వెళ్ళి కూర్చున్నాను (నేర్పిన అమ్మాయి ఇక్కడే పుట్టిన పిల్ల, నేను తప్పు రాసినప్పుడల్లా "గలత్ హై అత్తా" అనేది). ఆ రోజుల్లో నాలాంటి వాళ్ళకి ఇంట్లోకొచ్చిన ప్రతి కాగితం మీదా అనుమానమే. చదువొచ్చిన వాళ్ళు కాగితం చదువుతారు. మేము దాన్ని తెచ్చిన మనిషి మొహం చదువుతాం. నేను మా ఆయన మొహం చదివాను. అక్కడే వచ్చింది చిక్కంతా.

మా ఆయన ఉక్కు ప్లాంటులో క్రేను నడిపేవారు. మూడంతస్తుల ఎత్తున చిన్న గదిలాంటి దాంట్లో కూర్చుని, కింద మనుషులు తిరుగుతుంటే వాళ్ళ తలల మీదుగా ఎర్రగా కాలిన ఇనుమును తీసుకెళ్ళాలి. అందుకని క్రేను వాళ్ళకి ఏటేటా కంటికి, చెవికి, రక్తానికి పరీక్షలు చేసేవారు. ఆ ఏడు పరీక్ష కాగితం తెచ్చి బల్ల మీద పెట్టకుండా చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టుకున్నారు. ఉతకడానికి తీసినప్పుడు విప్పి చూస్తే, రెండు అంకెల చుట్టూ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి ఉన్నాయి.

"ఏటండీ ఇది?" అన్నాను.

"ఏటీ కాదే. లివరు పరీక్ష. రెండు లెక్కలు కాస్త ఎక్కువున్నాయట. ఇది జబ్బని కాదు, లోపలేదో లివర్ని కెలుకుతోందని అర్థమట. నెల పోయాక మళ్ళీ రక్తం ఇమ్మన్నారు."

చెప్పిందంతా నిజమే. కానీ చెబుతున్నంత సేపూ నా మొహం కేసి కాకుండా గోడ మీది క్యాలెండరు కేసి చూశారు. ఆయన స్నానానికి వెళ్ళగానే కాగితం తీసుకుని ఎదురు క్వార్టరు వదిన దగ్గరికి వెళ్ళాను. ఆవిడది విజయనగరం. ఎనిమిదో తరగతి దాకా చదివింది కాబట్టి మా వీధికంతటికీ డాక్టరూ ప్లీడరూ ఆవిడే. కాగితాన్ని ఎండకి పట్టి చూసి, గొంతు తగ్గించి, "లివరంటే ఇంకేటుందే అమ్మా, మందు" అంది.

"మా ఆయన తాగరు వదినా."

"నీకు తెలిసేలా తాగుతారేటి?"

ఆ మాట నాకు అన్నం సహించనివ్వలేదు. అప్పటినుంచి ఆయన డ్యూటీ దిగి రాగానే సైకిలు అందుకునే వంకతో నోటి దగ్గరికి వెళ్ళి వాసన చూసేదాన్ని. యాలకుల వాసన వచ్చేది. యాలకులు ఎందుకు నమిలినట్టు? వాసన రాకపోతే ఇంకా భయం, ఎంత జాగ్రత్త పడుతున్నారో అని. మంగళవారాలు గంట ఆలస్యంగా వస్తున్నారని కూడా కనిపెట్టాను. ఒక మంగళవారం సాయంత్రం, సారా అమ్మేది అక్కడేనని వదిన చెబితే, ఆవిడని వెంటబెట్టుకుని పవర్ హౌస్ బజారుకి వెళ్ళాను. సారా దుకాణం ఉన్న సందులో, ఆ దుకాణం గోడకే ఆనించి మా సైకిలు. ఆకుపచ్చ సీటు కవరు నేను కుట్టిందే.

ఆ సందు చివరే మూలికలు అమ్మే ఒకాయన దుప్పటి పరుచుకుని కూర్చున్నాడు. వదిన హిందీలో ఏదో అడిగింది. ఆయన ఒక పొట్లం తీసి, "బహెన్‌జీ, పతా భీ నహీ చలేగా" అన్నాడు, తిన్నవాడికి తెలియను కూడా తెలియదని. పొట్లం మీద సీసా బొమ్మ, దాని మీద అడ్డంగా గీత. నా జన్మలో నేను సొంతంగా చదవగలిగిన మొదటి కాగితం అదే. అందుకేనేమో అంతగా నమ్మాను.

మా ఆయన డ్యూటీకి చోడి అంబలి, అదే రాగి జావ, సీసాలో పోసుకుని పట్టుకెళ్ళేవారు. కొలిమి వేడికి అది తప్ప ఏదీ పనిచెయ్యదని మా వైపు వాళ్ళ నమ్మకం. రోజూ ఆ సీసాలో ఒక చెంచా పొడి కలిపాను.

"అంబలి చేదుగా ఉంటోందేటే?" అన్నారు మూడో రోజున.

"చోళ్ళు కొత్తవి" అన్నాను, ఈసారి నేను క్యాలెండరు కేసి చూస్తూ.

నెల తిరిగింది. మళ్ళీ రక్తం ఇచ్చి వచ్చారు. నా పొడి పని చేసి ఉంటుందని నేను లోలోపల పొంగిపోతుంటే, భార్యని కూడా తీసుకురమ్మని ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. డాక్టరమ్మ మన తెలుగావిడే, గుంటూరు వైపు. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి, "పోయినసారి కొంచెమే పెరిగింది. ఇప్పుడు మూడింతలైంది. కామెర్ల క్రిములకి కూడా పరీక్ష చేయించాను, అవి లేవు. తాగుతారా?" అంది.

"తల్లి మీద ఒట్టండి, ముట్టను."

"నొప్పి బిళ్ళలు, నాటు మందులు, పొడులు, ఏవైనా?"

ఆయన తల అడ్డంగా ఊపారు, నేల కేసి చూస్తూ. నేనూ నేల కేసే చూశాను.

"మీరు చెప్పకపోతే నేను తాగుడనే అనుకోవాలి. ఇది తేలేదాకా కింద పనే. తేలకపోతే మళ్ళీ క్రేను ఎక్కమని నేను రాయను" అని డాక్టరమ్మ కలం తీసింది. ఆయన చేతులు అలా మోకాళ్ళ మీద పడిపోయాయి. ఇంటికి ఎవరొచ్చినా తన క్రేను గురించే చెప్పుకునే మనిషి. కింద నించున్నవాళ్ళు చెయ్యి ఇలా తిప్పితే చాలు, వాళ్ళ మనసులో మాట పైనున్న తనకి తెలిసిపోతుందని మురిసిపోయేవారు. ఆ కలం కాగితాన్ని తాకబోతోంది. తాగుబోతైతే మాత్రం ఏం, ముందు నా పొడి సంగతి చెప్పేస్తే పోతుంది కదా అనుకున్నాను. ఆయనకి దొరక్కూడదని రోజూ బొడ్డులో దోపుకు తిరుగుతున్న పొట్లం తీసి బల్ల మీద పెట్టాను.

"అంబలిలో కలిపాను, తాగుడు మానాలని."

డాక్టరమ్మ దాన్ని వాసన చూసింది. "ఇందులో ఏముందమ్మా?"

"తెలీదమ్మా. నాకు చదవడం రాదు."

ఆవిడ పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి, "వచ్చినా లాభం లేదు. దీని మీద ఒక్క ముక్క రాసి లేదు" అంది.

మా ఆయన నా వైపు తిరిగారు. "చోళ్ళు కొత్తవన్నావు కదే."

తర్వాత తనే జేబులోంచి సగం ఖాళీ అయిన బిళ్ళల అట్ట తీసి నా పొట్లం పక్కన పెట్టారు. కుడి భుజం నొప్పట. పైకి తెలిస్తే క్రేను దింపేస్తారని, మా క్వార్టర్ల దగ్గరి దుకాణంలో కొంటే ఎవరైనా చూస్తారని, మంగళవారం మంగళవారం పవర్ హౌస్‌లో కొనుక్కుంటున్నారు. ఆ మందుల షాపు సారా దుకాణానికి ఆనుకునే ఉంది. యాలకులు బిళ్ళ చేదు పోవడానికి.

డాక్టరమ్మ రెండింటినీ చూసి, "మొదట మీ బిళ్ళలు కెలికి ఉంటాయి, పైన ఈవిడ పొడి పడింది. ఇంట్లో ఇద్దరు డాక్టర్లుండగా నా దగ్గరికెందుకొచ్చారు?" అంది. రెండూ ఆపెయ్యమంది. భుజం వేరే డాక్టరుకి చూపించమంది. మూడు వారాలకోసారి రక్తం ఇవ్వాలని, దిగకపోతే కడుపు స్కానింగు చేయించాలని చెప్పింది. స్కానింగు దాకా పోలేదు. అంకెలు మెల్లగా దిగాయి, భుజం కుదుటపడింది, చలికాలం వచ్చేసరికి ఆయన మళ్ళీ పైకెక్కారు. (ఇప్పుడు వెనకనుంచి తొంగి చూసి, "చేదు సంగతి తక్కువ రాసేవు" అంటున్నారు.)

ఇప్పుడు రక్తపరీక్ష కాగితాలు నేనే ముందు చదువుతాను. అయినా ఆ ఇరవై ఆరేళ్ళ పిల్ల, బొడ్డులో పొట్లంతో మొగుడి నోరు వాసన చూస్తూ తిరిగిన పిల్ల, అప్పుడప్పుడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. దాని తెలివికి కాదు, దాని భయానికి జాలేసి.

ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్న నేను అంబలి కాస్తుంటే ఆయన వచ్చి గుమ్మంలో నించున్నారు. ఎప్పుడూ వంటింట్లోకి రాని మనిషి. సీసా అందించబోతే, "ముందు నువ్వు తాగు" అన్నారు. గ్లాసులో పోసుకుని ఆయన చూస్తుండగా సగం తాగాను. మిగిలిన సగం ఆయన తాగి, మూతి తుడుచుకుని, చొక్కా తొడుక్కున్నారు. నేను ఆయన జేబులు రెండూ బయటికి లాగి చూశాను. ఆయన చేతులు పైకెత్తి నించున్నారు, నవ్వకుండా. తర్వాత గేటు దగ్గరికెళ్ళి, సైకిలు మలుపు తిరిగేదాకా చూశాను. నెల రోజులుగా అలాగే చూస్తున్నాను, ఎటు తిరుగుతారో అని. ఆ వేళ ఊరికే చూశాను.