ఆయిల్ పైకెక్కేదాకా

మొన్న ఎల్.బి. నగర్‌లో ఒక సర్వీసు సెంటర్‌కి కారు తీసుకెళ్ళాను, ఆయిల్ మార్పిద్దామని. చల్లటి అద్దాల గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు, ఆ కాఫీ సగమన్నా తాగకముందే బండి సిద్ధమని ఫోనుకి మెసేజ్ వచ్చేసింది. వెళ్ళి సీట్లో కూర్చుని, అలవాటు కొద్దీ తాళం సగమే తిప్పి, ఎదురుగా వెలిగిన ఆయిల్ గుర్తు ఎర్ర దీపాన్ని చూస్తూ కాసేపు ఆగాను. వెనకనుంచి ఎవరో హారన్ కొట్టారు. కొట్టుకోనీండి, నాకేం! హారన్‌కి ఉలిక్కిపడేదాన్నయితే ఈ హైదరాబాదులో ఆడవాళ్ళకి కారు నేర్పి బతికేదాన్నా?

అవునండీ, అదే నా ఉద్యోగం. ఇప్పుడంటే స్కూటర్ మీద ఆఫీసుకెళ్ళే ఆడపిల్లని ఎవరూ తిరిగి చూడరు గానీ, నేను పెళ్ళయి కోస్తానుంచి దిల్‌సుఖ్‌నగర్ వచ్చిన రోజుల్లో స్టీరింగ్ పట్టుకున్న ఆడమనిషిని చూడడానికి బస్సు కిటికీల్లోంచి తలకాయలు బయటికొచ్చేవి. మావారు కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవారు, మా చుట్టుపక్కల అందరూ ఎవరికో ఒకరికి ఏదో ఒకటి చెప్పేవాళ్ళే, నాకా మా నాన్న నేర్పిన డ్రైవింగ్ తప్ప ఇంకో విద్య రాదు. సరే, అదే నేర్పుతానన్నాను. మా అత్తగారివైపు వాళ్ళు నవ్వారు, మా పుట్టింటివాళ్ళు ఇంకాస్త గట్టిగా నవ్వారు, మావారు మాత్రం నవ్వకుండా నాదర్‌గుల్‌లో ఎవరిదో రేకుల షెడ్డు కింద చాలాకాలంగా కదలకుండా పడున్న పాత అంబాసిడర్ ఒకటి చూసొచ్చారు. మాకున్నదంతా దాన్లోనే పెట్టాం. ఆ వచ్చే సోమవారంనుంచి నేర్చుకోవడానికి ముగ్గురు ఇల్లాళ్ళు ఒప్పుకున్నారు, వాళ్ళూ భర్తలకి సగం చెప్పీ సగం చెప్పకానూ! ఆ బండి కాస్తా మొదటిరోజే ఆగిపోతే ఇంక నా మొహం చూసి ఎవరూ వచ్చేవాళ్ళు కారు, ఇంకో బండి కొనే స్తోమతా మాకు లేదు.

అప్పట్లో కర్మన్‌ఘాట్ వైపు ఒక పోర్షన్లో కిరాయికి ఉండేవాళ్ళం. ఇల్లుగలావిడ ఆ పాత ఊరి రైతు కుటుంబం మనిషి, భర్త పోయాక అన్నీ తానే చూసుకునేవారు. పెద్దమ్మగారూ అని పిలిచేదాన్ని గానీ, నిజం చెప్పొద్దూ, ఆవిడంటే నాకు హడలు. గేటు గట్టిగా వేస్తే తిట్టు, నల్లా కారితే తిట్టు, బట్టలు పొద్దెక్కి ఆరేస్తే దానికీ తిట్టు. ఆవిడ గొంతు వినపడితే మావారు పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకునేవారు.

ఆ సోమవారానికి ముందురోజు, ఆదివారం పొద్దున వాకిట్లోనే ఆయిల్ మార్చే కార్యక్రమం పెట్టుకున్నాం. షెడ్డులో పడున్న బండి కదా, లోపలి నూనె తారులా అయిపోయింది. మావారు కింద దూరి అదంతా కార్చేసి, కొత్త ఫిల్టరు బిగించి, కొత్త ఆయిల్ పోసి, ఇంక కానివ్వమన్నట్టు చెయ్యూపారు. నేను సెల్ఫ్ కొట్టాను. బండి అంత తేలిగ్గా అందుకునేసరికి నా సంతోషం ఇంతా అంతా కాదు. లోపల ఏదో టకటకమంటోంది, ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది, కాసేపుంటే అదే పోతుందిలే అని మావారంటే నేను కాస్త యాక్సిలరేటర్ కూడా ఇచ్చాను.

అంతే, చింతపండు ఒలుస్తున్న పెద్దమ్మగారు చాట అక్కడే పడేసి వచ్చారు. వచ్చి, కిటికీలోంచి చెయ్యి పెట్టి, నా చేతిని పక్కకి తోసి తాళం తిప్పి ఇంజను కట్టేశారు.

"బంద్ చెయ్యమంటుంటే ఇనవడ్తలేదా? గా ఎర్ర బుగ్గ కండ్లకు కనవడ్తలేదా? నూనె ఇంకా కిందనే ఉన్నది, లోపట ఉత్త ఇనుము రాసుకుంటున్నది. గంత తొందరేంది బిడ్డా!"

బుగ్గంటే బల్బని అర్థమయ్యేలోపు ఇంకా చాలా తిట్లు పడ్డాయి, అవన్నీ ఇక్కడ రాయలేను. తర్వాత పనిలోకి దిగారు. ప్లగ్గులన్నీ విప్పించారు, ఇంజను తిరగాలేగానీ రాజుకోకూడదన్నారు. ఫిల్టరు విప్పించి అంచుదాకా నూనె నింపి మళ్ళీ బిగించమన్నారు. అడుగునున్న నూనెని పైకి తోడే పంపు గాలి పట్టుకుంటే లాగదట, అందుకని పక్కనున్న సన్నటి గొట్టం నట్టు వదులు చేయించి, ఇంట్లోంచి ముక్కున్న నూనెడబ్బా తెచ్చి అందులో కొంచెం కొంచెంగా పోశారు. ఇంక బండి ముందునుంచి హ్యాండిల్ పెట్టి తిప్పడమే. మావారు తిప్పారు, నేను తిప్పాను, మేం ఆయాసపడుతుంటే ఆవిడ కొంగు బిగించి తనే తిప్పారు. ఎంతకీ ఏమీ రాదే! నాకు ఏడుపొచ్చింది, ఇంజను పాడుచేసేశానేమో, రేపు ఆ ముగ్గురికీ ఏం చెప్పాలో అని. ఆఖరికి ఆ నట్టు దగ్గర ఒక బుడగ, ఇంకో బుడగ, ఆ తర్వాత బంగారంలాంటి కొత్త నూనె ఊరింది. నట్టు బిగించి, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ కొట్టమన్నారు. లోపల కూర్చుని చూస్తున్నాను, ఎర్ర దీపం పోయింది. శుభమా అని పని మొదలుపెడుతూ దీపం ఆరిందని ఎలా అనడం? కొండెక్కింది పెద్దమ్మగారూ అని కేకేశాను. అంతసేపు తిట్టిన మనిషి పడీపడీ నవ్వారు. నాకు అప్పుడు ఏడుపు ఆగలేదు.

చేతులు కడుక్కుంటూ చెప్పారు సంగతి. మేమున్న ఆ వీధంతా ఒకప్పుడు వాళ్ళ అంగూర్ తోట, అదే ద్రాక్షతోట. బావి మీద ఆయిల్ ఇంజను ఉండేది. మంచి ఎండాకాలంలో దాన్ని రిపేరు చేయించి, తీగలు ఎండుతున్నాయన్న తొందరలో నూనె పైకెక్కించకుండానే మొదలుపెట్టారట, ఇంజను పట్టేసింది. దాన్ని బాగుచేస్తున్నన్నాళ్ళూ పక్కనే నిలబడి ప్రతి పనీ చూశారట. మళ్ళీ బాగయ్యేసరికి తోట పోయింది, పెనిమిటి మనసు విరిగి ప్లాట్లుగా అమ్మడం మొదలుపెట్టారు.

"గప్పుడు నేను ఆడ్నే ఉన్న. సప్పుడు తేడా కొడుతున్నదని తెలిసింది. మొగోళ్ళ పనిల నాకేందని నోరు మూస్కున్న. గప్పటిసంది మూస్కుంటలేను" అన్నారు.

మర్నాడు పొద్దున ఆ ముగ్గురినీ ఎక్కించుకుని నాదర్‌గుల్ రోడ్డు మీదికి వెళ్ళాను, కింద మేం క్లచ్చు నేర్చుకుంటుంటే పైన అక్కడి శిక్షణ కేంద్రం చిన్న విమానాలు ఎగరడం నేర్చుకుంటున్నాయి. ఆ బండితోనే పిల్లల్ని చదివించాం, ఇల్లు కట్టుకున్నాం. నా దగ్గర నేర్చుకున్న ప్రతి ఆడమనిషికీ గేర్లకంటే ముందు ఆ ఎర్ర దీపం దగ్గర ఆగడం నేర్పాను, ఇప్పుడు వాళ్ళు వాళ్ళ కూతుళ్ళకి నేర్పుతున్నారంటే అదంతా ఆవిడ చలవే.

మేం మూసారాంబాగ్ వచ్చేశాక కూడా పండక్కీ పబ్బానికీ ఆవిడ దగ్గరికి వెళ్ళేదాన్ని. వెళ్ళినప్పుడల్లా చిక్కిపోయానని ఒకసారి, లావయ్యానని ఒకసారి తిట్టించుకుని వచ్చేదాన్ని. ఇప్పుడు ఆవిడ లేరు. కార్లు ఎంతో మంచివొచ్చాయి, దీపం ఇలా వెలిగి అలా పోతుంది, ఎవరి సాయమూ అక్కర్లేదు. మనుషులూ ఎంతో మర్యాదస్తులయ్యారు. మేడమ్ అంటారు, నేనేదైనా పొరపాటు చేస్తే చూసి కూడా చూడనట్టు చిన్నగా నవ్వి తప్పుకుంటారు. పరాయిదాని బతుకు పాడైపోతోందని చాట పడేసి పరిగెత్తుకొచ్చి, చెయ్యి పట్టుకుని తిట్టే మనిషి నాకు ఈ ఊళ్ళో ఇంక ఒక్కరూ లేరు. అదింత పెద్ద లోటని, తిట్లు తినే వయసులో ఎవరు చెప్పినా నమ్మేదాన్ని కాదు.