రూతమ్మ ఆంటీ కేకు బండి

కొత్త టైరు వాసన చాలామందికి పడదు. నాకు మాత్రం ఆ వాసన తగిలితే చాలు, వెంటనే వెనిల్లా గుర్తొస్తుంది. మొన్న నాంపల్లిలో ఖాజా భాయ్ టైర్ల దుకాణం ముందు నా పికప్ బండి జాకీ మీద నిలబడి ఉంది. కొత్త టైర్లు నాలుగు దొర్లించుకొచ్చి నా ముందు పెట్టారు. ఆలోచించకుండానే వంగి మొదటి టైరును వాసన చూశాను. బొటనవేలితో నొక్కాను. పక్కన అచ్చేసిన అంకెల కోసం వెతికాను. పంక్చరు కోసం వచ్చిన ఆటో అతను నన్ను ఎగాదిగా చూశాడు. గల్లా దగ్గర కూర్చున్న ఖాజా భాయ్ గడ్డం నిమురుకుంటూ అతనితో, "ఫికర్ చెయ్యకు భయ్యా, ఆమెకేం కాలేదు. వాళ్ల ఆంటీ గిట్లనే చూసేది, ఈమెకు గదే అలవాటైంది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. రూతమ్మ ఆంటీ పోయి మూడేళ్లవుతోంది.

అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసుకు కాస్త అవతల, సందులో ఆమె బేకరీ ఉండేది. ఉండేది అంటున్నాను గానీ ఇప్పటికీ ఉంది, వాళ్లబ్బాయి ప్రకాశ్ అన్న చూసుకుంటున్నాడు. ఆంటీది మెదక్. పెళ్లై హైదరాబాదు వచ్చి, అత్తగారి దగ్గర ప్లమ్ కేకు నేర్చుకుని, భర్త పోయాక బేకరీని ఒక్కచేత్తో నడిపింది. పొట్టి మనిషి. మెడలో గొలుసుకు వేలాడే కళ్లజోడు, మోచేతి దాకా మైదాపిండి. సికింద్రాబాదు నుంచి మెదక్ దాకా క్రైస్తవుల ఇళ్లలో పెళ్లంటే కేకు రూతమ్మ దగ్గరే చెప్పాలి. ఆ కేకులు మోయడానికి ఒక చిన్న పికప్ బండి ఉండేది. దాన్ని నడిపేదాన్ని నేను.

ఆ ఉద్యోగం నాకెంత అవసరమో చెప్పాలి. మాది కాచిగూడ. నాన్న అఫ్జల్‌గంజ్‌లో ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. నేను మా చిన్నాన్న ట్రాలీ ఆటో మీద డ్రైవింగ్ నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని, ఊరంతా తిరిగాను. ఎక్కడికి పోయినా ముందు లైసెన్సు చూసేవారు, తర్వాత నా మొహం చూసేవారు, ఆ తర్వాత టీ ఇచ్చి పంపేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. రూతమ్మ ఆంటీ మాత్రం లైసెన్సు వైపే చూడలేదు.

"కోపం వస్తదా నీకు?" అని అడిగింది.

"వస్తది ఆంటీ."

"ఎవరి మీద?"

"అడ్డం వచ్చే ఆటోల మీద."

"సరే. అప్పుడప్పుడు నీ మీద కూడా తెచ్చుకో. రేపు పొద్దున రా లలితా" అంది. అంతే, ఇంటర్వ్యూ అయిపోయింది. ఆ మాటకు అర్థం నాకు అప్పుడు తెలియలేదు. తెలిసిందల్లా ఉద్యోగం వచ్చిందని.

ఒక ఏడాది హాయిగా గడిచాక కేకులు పగలడం మొదలైంది. ఊళ్లో నెమ్మదిగా పోతే ఏమీ ఉండేది కాదు. బాలానగర్ దాటి బండి అరవైకి వచ్చిందంటే స్టీరింగు చలిజ్వరం వచ్చినట్టు వణికేది. ఆ వణుకు నా చేతుల్లోంచి సీట్లోకి, సీట్లోంచి వెనక కేకులోకి పోయేది. దించి చూస్తే పైపూత మీద సన్నగా వెంట్రుకలా బీట. ఆంటీ అక్కడికక్కడే క్రీముతో పూడ్చి పైన ఒక గులాబీ పెట్టేది. ఒకసారి ఎన్ని గులాబీలు పెట్టాల్సి వచ్చిందంటే, పెళ్లికొడుకు తల్లి వచ్చి ఇంత చక్కటి పూలకేకు ఎన్నడూ చూడలేదని మెచ్చుకుంది. ఆంటీ థాంక్స్ చెప్పి, నా వైపు తిరిగి పళ్లు నూరింది.

ప్రకాశ్ అన్నకు గులాబీలతో సరిపెట్టుకునే ఓపిక లేదు. "అమ్మా, గీ బండి అమ్మేద్దాం. ఫోన్ల నొక్కితే కిరాయి బండ్లొస్తున్నయ్. మనకెందుకీ తలనొప్పి" అన్నాడు. చెడ్డవాడు కాదు, లెక్క తెలిసినవాడు. కానీ బండి పోతే నేను మళ్లీ ఊరంతా తిరిగి టీలు తాగాలి. నా మొహం చూసి ఆంటీ, "ముందు టైర్లు మారుద్దాం. తర్వాత మాట్లాడు" అంది.

అలా మొదటిసారి ఖాజా భాయ్ దుకాణానికి వెళ్లాం. ఆయన ముందు లోతైన గట్లున్న టైరు చూపించి, బురదలో కూడా పట్టు తప్పదన్నాడు. "నా కేకు బురదల ఎందుకు పోతది?" అంది ఆంటీ. అప్పుడాయన నిలువు గీతలున్న టైరు తీశాడు. తారురోడ్డు మీద చప్పుడు చెయ్యదు, మెత్తగా పోతుంది, బరువు కూడా మోస్తుంది అన్నాడు. ఆంటీ వంగి దాన్ని వాసన చూసింది. బొటనవేలితో నొక్కి, అది ఎంతలో పైకి లేస్తుందో చూసింది. బన్ను కాలిందో లేదో చూసేది అలాగే. తర్వాత టైరు పక్కన ఉన్న అంకెలేమిటని అడిగింది. అది తయారైన వారం, సంవత్సరం అని ఖాజా భాయ్ చెప్పాడు. చెప్పాక నాలుక కరుచుకున్నాడు.

"అంటే ఇది ఎప్పటిది?"

"జర పాతది అమ్మా, రెండేండ్లయితది. కానీ మాల్ మంచిది."

"నిన్నటి బన్ను నేను అమ్మను. రెండేండ్ల కిందటి టైరు నువ్వెట్ల అమ్ముతవ్?" అంది ఆంటీ, కోపం లేకుండానే. ఖాజా భాయ్ లోపలికి పోయి, వెనక గోదాములోంచి కొత్త సరుకు తెచ్చాడు. ఒక్కొక్క చక్రాన్ని యంత్రానికి ఎక్కించి తిప్పాడు. ఎక్కడ తేలికగా ఉందో యంత్రం చూపించిన చోట, రిమ్ముకు బూడిదరంగు బరువు ముక్కలు అంటించాడు. ఇవి వేలెడంత ఉండవు, కానీ చక్రం వణక్కుండా ఆపేవి ఇవే అన్నాడు. ఆ మాట నేను విన్నాను. ఆంటీ ఆ సమయానికి బయట నిలబడి ఎవరికో ఫోన్లో కేకు మీద పేరు రాయడం గురించి చెబుతోంది.

ఆ వారం బండి వెన్నలా పోయింది. సోమవారం మళ్లీ వణుకు. నేను పోయి ఖాజా భాయ్‌తో గొడవపడ్డాను. ఆయన చూసి, ముక్కలు ఊడిపోయాయన్నాడు. మళ్లీ అంటించాడు. వారం బాగుంది, సోమవారం మళ్లీ అదే కథ. మూడోసారి నేను దుకాణం ముందే అరిచాను. "ఏం గమ్ము పెడుతున్నవ్ భాయ్, అన్నం మెతుకులా?" అన్నాను. ఆయనకూ రోషం వచ్చింది. "ఇరవై ఏండ్ల సంది చేస్తున్న. నా ముక్క ఊడది. నీ నడుపుడు ఎట్లున్నదో చూస్కో" అన్నాడు. ఈలోగా మెదక్ నుంచి మూడంతస్తుల కేకు ఒకటి చెప్పారు, ఆంటీ మేనకోడలి పెళ్లికే. ప్రకాశ్ అన్న తేల్చేశాడు. "అదొక్కటి మంచిగ చేరితే బండి ఉంటది. లేకుంటే మర్నాడే అమ్ముడు" అన్నాడు.

పెళ్లికి నాలుగు రోజుల ముందు ఖాజా భాయ్ బేకరీకి వచ్చాడు, ఇంట్లో పిల్లలకు కొబ్బరి కూరిన దిల్‌పసంద్ కొనడానికి. నేను మొహం తిప్పుకున్నాను. ఆయన కౌంటరు దగ్గర నిలబడినవాడు నిలబడినట్టే ఉండిపోయాడు. అక్కడ ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా బటర్ పేపర్ల మీద బూడిదరంగు ముక్కలు వరసగా పెట్టి ఉన్నాయి. సబ్బుతో కడిగినట్టు తళతళలాడుతున్నాయి.

"అమ్మా," అన్నాడు ఖాజా భాయ్ మెల్లగా, "నా బరువులు మీ కాడ ఏం చేస్తున్నయ్?"

"నీ బరువులేంది? అవి బండికి అంటుకున్న చెత్త. శనివారం శనివారం గీకుతుంటే వస్తయ్. మంచిగున్నయ్ కదా అని పారెయ్యలేదు."

నాకు అప్పుడు వెలిగింది. శనివారం మధ్యాహ్నం డెలివరీలు కాగానే నేను కాచిగూడ వెళ్లిపోయేదాన్ని. ఆ తర్వాత ఆంటీ బేకరీలో ప్రతి పళ్లెం, ప్రతి కేకు గిన్నె తోమించేది. ఆదివారం చర్చికి పోయే ముందు ఇంట్లో ఏ మురికీ మిగలకూడదని ఆమె పట్టుదల. బండి మాత్రం తనే కడిగేది. గుండ్రటి గిన్నె అంచుకు ఏదైనా అంటుకుని కనిపిస్తే గీకకుండా ఉండలేని చెయ్యి అది. చక్రం కూడా గుండ్రంగానే ఉంది, అంచు కూడా ఉంది. క్రీము రాసే చాకు తీసుకుని, కూర్చుని, నాలుగు చక్రాలూ శుభ్రంగా గీకిపెట్టేది.

ఖాజా భాయ్ అవి ఎందుకో వివరించాడు. ఆంటీ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. ఆమె స్థానంలో నేనుంటే తప్పును గమ్ము మీదికో, యంత్రం మీదికో, ముందే చెప్పనందుకు డ్రైవరు మీదికో నెట్టేదాన్ని. ఆంటీ మాత్రం కౌంటరు మీద చెయ్యి ఆనించి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. తర్వాత పొయ్యి దగ్గరున్న వాళ్లను, ప్యాకింగు వాళ్లను అందర్నీ పిలిచి, "ఇగో వినున్రి. ఇన్ని రోజులు బండిని పాడుచేసింది నేను. లలిత కాదు, ఖాజా కాదు" అంది. ప్రకాశ్ అన్నకు ఫోన్ చేసి అదే మాట చెప్పింది. నాకు సిగ్గుగా అనిపించింది, ఆమెకు అనిపించలేదు. మర్నాడు పొద్దున ఒక ప్లమ్ కేకు పట్టుకుని నాంపల్లి వెళ్లి, ఖాజా భాయ్ గిరాకీలందరి ముందు, "ఈయన పనిల తప్పు లేదు. తప్పు నాది. కేకు తినున్రి" అని తనే ముక్కలు కోసి పంచింది. ఆయన ఆ రోజు చక్రాలను ఎంత శ్రద్ధగా తిప్పాడంటే, నమాజుకు లేచేదాకా మా బండి దగ్గరే ఉన్నాడు.

ప్రకాశ్ అన్న మాత్రం తన షరతు వదల్లేదు. పెళ్లిరోజు తన కారులో ముందే వెళ్లిపోయాడు. నేనూ ఆంటీ కేకుతో బయలుదేరాం. ఆంటీ తెల్లపట్టు చీర కట్టుకుంది, జరీ అంచుతో. గండిమైసమ్మ చౌరస్తా దాటాక ఫ్లాస్కులోంచి గాజుగ్లాసులోకి టీ అంచు దాకా పోసి, ఒళ్లో చీర మీద పట్టుకుని కూర్చుంది.

"ఆంటీ, చీర" అన్నాను.

"నువ్వు రోడ్డు చూడు. చుక్క పడితే బండి నేనే అమ్మేస్త."

మెల్లగా వేగం పెంచాను. నలభై, యాభై, అరవై. స్టీరింగు నా చేతుల్లో నిద్రపోయినట్టుంది. గ్లాసులో టీ చిన్నగా మెరుస్తోందే గానీ కదలడం లేదు. ఆంటీ సన్నగా ఏదో కీర్తన తీసింది. నర్సాపూర్ అడవిలోకి వచ్చాక ఒక తల్లికోతి, పొట్టకు పిల్లను హత్తుకుని, తాపీగా రోడ్డుకు అడ్డం నడిచింది. బ్రేకు తొక్కాను. కోతి పోయింది. తెల్లపట్టు మీద రూపాయి బిళ్లంత గోధుమరంగు మరక పడింది. నేను బండి పక్కకు ఆపి ఏడ్చేశాను. ఆంటీ దిగి, వెనక తలుపు తీసి, చాలాసేపు చూసి వచ్చింది. కేకు మీద గీత కూడా లేదు.

మెదక్‌లో కేకు దించుతుంటే ప్రకాశ్ అన్న చుట్టూ తిరిగి మూడంతస్తులూ చూశాడు. ఏమీ దొరకలేదు. ఆంటీ కావాలంటే కొంగు ఆ మరక మీదికి లాక్కోవచ్చు, ఎవరూ అడిగేవారు కాదు. ఆమె కుచ్చిళ్లు పట్టుకుని మరకను కొడుక్కి చూపించింది. "టీ చుక్క పడితే బండి అమ్మేస్తనని దారిల లలితతో పందెం కట్టిన, చుక్క పడ్డది. కానీ ఇది చక్రం చుక్క కాదు, బ్రేకు చుక్క. లలిత బ్రేకు కొట్టకుంటే కోతి చచ్చేది. ఇగ నువ్వు చెప్పు, అమ్ముదామా?" అంది. ప్రకాశ్ అన్న ఆమెను చూశాడు, నన్ను చూశాడు, "అమ్మొద్దులే" అని నవ్వేశాడు. ఆంటీ ఆ మరక చీరతోనే పెళ్లంతా తిరిగి, అడిగిన వాళ్లకూ అడగని వాళ్లకూ కోతి కథ, చాకు కథ రెండూ చెప్పింది.

ఇప్పుడు బండి నాది. ప్రకాశ్ అన్న కేకులూ మోస్తాను, ఇంకో రెండు బేకరీలవీ మోస్తాను. మొన్న ఖాజా భాయ్ పని ముగించి, అడగకుండానే ఒక గ్లాసు టీ అంచు దాకా పోసి నా డాష్‌బోర్డు మీద పెట్టాడు. నాంపల్లి నుంచి అబిడ్స్ దాకా బండికి వేగమే ఉండదు, పరీక్ష ఏమీ తేలదు. అయినా పెట్టుకున్నాను. పోస్టాఫీసు దగ్గర మలుపులో ఒక ఆటో ఎదురొచ్చింది. గట్టిగా బ్రేకు తొక్కాను. టీ ఒలికింది. ఎప్పటిలాగే కోపం నెత్తికెక్కింది, అద్దం దించి నోరు తెరిచాను. అంతలో ఒలికిన టీ కళ్ల ముందు కనిపించింది. ఈ చుక్క ఎవరిది? చక్రానిది కాదు. ఆటో అతను చెయ్యి చూపించే తిరిగాడు. ఆంటీని తలుచుకుంటూ చూసుకోకుండా వచ్చింది నేనే.

"భయ్యా, తప్పు నాదే" అన్నాను.

నన్ను తిట్టడానికి అతను అప్పటికే తల బయటపెట్టాడు. ఆ మాట విని, నా వైపే చూస్తూ తల బయటే ఉంచేశాడు. వెనక బస్సు హారన్ కొడితే గానీ కదల్లేదు.