సోంబరు కేక

సోంబరు మా పనసగుడకి బారికి. అంటే ఊరి కబురు చాటే మనిషి. పండగైనా పంచాయితీ అయినా బడి పక్క నల్లబండ ఎక్కి ఒక్క కేక వేస్తే మూడు గుంపుల ఇళ్లకీ చేరేది. విన్న ప్రతి ఇల్లూ "ఇన్నాం!" అని తిరిగి కేక వేయాలి. ఆఖరున వాగు అవతలి జోడిగుడ నుంచి ముసలి గంగమ్మ "ఇన్నాం" అనేదాకా బారికి బండ దిగకూడదు. అది ఇక్కడి కట్టు.

నేను ఈ ఊరి బడిపంతుల్ని. విజయనగరం నుంచి వచ్చి పదిహేనేళ్లయింది. వాళ్ల కట్టు వాళ్లది, మధ్యలో నేనెందుకని ఆ "ఇన్నాం" నేనెప్పుడూ అనలేదు. నన్నెవరూ అనమనీ లేదు.

మూడేళ్ల కిందట సోంబరు కుడిచెయ్యి వణకడం మొదలైంది. పార్కిన్సన్ జబ్బన్నారు. మాత్రలతో చెయ్యి కాస్త కుదుటపడింది గానీ గొంతు జారిపోయింది. పక్కన కూర్చుంటేనే మాట వినిపించేది. "నాతో దెబ్బలాటకీ గొంతు నేదు మేస్టారూ, నానొక్కర్తినే అరుసుకుంతన్నాను" అని భార్య కనక వాపోయేది.

అప్పుడు నేనో ఘనకార్యం చేశాను. పోయినేడాది చైత్రంలో బడి మైకు తెచ్చి, విత్తనాలకి పూజ చేసే ఇటుకల పండగ చాటింపు సోంబరు చేత అందులో వేయించాను. వాగు అవతల కోళ్లు కూడా బెదిరాయి. ఒక్క ఇంటి నుంచీ "ఇన్నాం" రాలేదు. "పెట్టె అరిత్తే నానెందుకు పలకాల? బారికి పిలిత్తే పలుకుతాను" అని గంగమ్మ నా మొహమ్మీదే అంది. పెద్దలు కూర్చుని తేల్చారు: వచ్చే చైత్రానికి సోంబరు కేక జోడిగుడ చేరకపోతే బారికితనం ఇంకొకరికి. తాతల నాటి పని. సోంబరు కాదన్నా ఎవరికి వినపడుతుంది?

విశాఖలో ఒక ఆసుపత్రిలో ఇలాంటి గొంతులకి, తల మీద అయస్కాంతం పెట్టి మెదడును తట్టిలేపే వైద్యం పరీక్షించి చూస్తున్నారని తెలిసి, మాఘంలో మొగుడూ పెళ్లాలిద్దర్నీ తీసుకెళ్లాను. కోత లేదు. "కొందరికి పనిచేస్తోంది, కొందరికి లేదు. మాత్రలు మాత్రం మానకూడదు" అని డాక్టరు ముందే చెప్పారు. రోజూ తలకి తీగచుట్టలాంటి పరికరం ఆనిస్తారు, అది వడ్రంగిపిట్ట మాను పొడిచినట్టు టకటకమంటుంది. తర్వాత గొంతు సాధన చేయించే సౌందర్య అనే అమ్మాయి గదిలో కూర్చోబెట్టి, శబ్దం కొలిచే మీటరు పట్టుకుని, "తాతా, గట్టిగా 'ఆ' అనండి" అంటుంది.

పది రోజులైనా సోంబరు "ఆ" ఎదుటి గోడ దాకా వెళ్లలేదు. సౌందర్య మొహం చిన్నబోయింది. నాకు ఒళ్లు మండింది. "ఇంత దూరం తెచ్చింది గొణగడానికా?" అని కసిరాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అప్పుడు కనక అంది: "అరవమంతే ఎలాగరుత్తాడు మేస్టారూ? బారికి ఇంటి కప్పు కింద కేకేత్తే ఆ ఇంట సావు సాటినట్టు. పక్క గదుల్నిండా రోగులున్నారు కదా!"

పదిహేనేళ్లుగా ఆ ఊళ్లో ఉంటున్నాను, పేరుకి. సౌందర్య నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. మీటరు తీసుకుని లేచి, "పదండి తాతా, డాబా మీదకి" అంది.

డాబా మీద ఇంకో చిక్కు. బారికి లేని కబురు చాటకూడదు. సోంబరు తనకున్న నిజమైన కబురొకటి వెతుక్కున్నాడు. వణికే చెయ్యి చెవికి ఆనించుకుని, నిండా గాలి పీల్చి కేక వేశాడు.

"ఓహో... ఇనండహో! సోంబరు ఆదివారం ఇంటికి పోతన్నాడహో!"

కింద టిఫిను బండి దగ్గర జనం తలలెత్తారు. అట్లు తిప్పుతున్న ఆవిడ అట్లకాడ ఊపి, "అలాగే బాబూ, బేగి ఎల్లు!" అని అరిచింది. కనక ఏడుస్తూ నవ్వింది. నేనూ అంతే. సౌందర్య నాలుక కరుచుకుని, "అయ్యో, మీటరు చూడలేదు! ఇంకొక్కసారి తాతా" అంది.

పాత గొంతంతా రాలేదు. మధ్యలో జీర ఉంది, చెయ్యి వణుకుతూనే ఉంది. అయినా ఇంటికొచ్చాక రోజూ పొద్దున్నే కాఫీ తోటలో నిలబడి సాధన చేశాడు. మిరియాల పాదులకి కూడా ఆ "ఆ" కంఠతా వచ్చేసి ఉంటుంది.

మొన్న చైత్రంలో బండెక్కాడు. "ఇటుకల పండగహో! ఇత్తనాలట్టుకుని శంకుదేవుడి కాడికి రండహో!"

ఎగువ గుంపు "ఇన్నాం" అంది. దిగువ గుంపు "ఇన్నాం" అంది. జోడిగుడ నుంచి ఏమీ లేదు. పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కనక కొంగు నోట్లో కుక్కుకుంది. సోంబరు దిగలేదు. ఇంకోసారి గాలి పీల్చి కేక వేశాడు.

"ఇన్నాంరా!" వాగు అవతల నుంచి గంగమ్మ గొంతు. "ముందే ఇన్నాను. మల్లీ ఇనాలని ఊరుకున్నాను!"

ఊరంతా గొల్లున నవ్వింది. డప్పు కూడా మొదలైంది. సోంబరు మాత్రం ఇంకా బండ మీదే ఉన్నాడు. బడి అరుగు మీదున్న నా వైపు తిరిగాడు.

"మేస్టారూ, తమరిల్లొకటి మిగిలిపోనాది."

కళ్లు తుడుచుకుని "ఇన్నాం" అన్నాను. నాకే సరిగ్గా వినపడలేదు.

సోంబరు పగలబడి నవ్వుతూ బండ దిగాడు. "తమరికీ ఆ మిసను ఎట్టించాల!"