ఘాట్ రోడ్డులో అత్తమ్మ గొంతు

2004లో అరకులో టీచరుగా ఉండగా నాకు నెలలు నిండాయి. కారులో ఫోన్ మాట్లాడుకోవడానికి మావారు హ్యాండ్స్‌ఫ్రీ కిట్, కొండల్లోనూ సిగ్నల్ అందేలా పైన యాంటెన్నా పెట్టించారు. నొప్పులొచ్చి విశాఖ బయల్దేరితే, ఘాట్ రోడ్డులో కొండచరియ విరిగిపడి ఆగిపోయాం. బిడ్డ వచ్చేస్తోంది. మావారు పాచిపెంటలో ఉన్న తన తల్లికి ఫోన్ చేశారు. ఆవిడ రిటైరైన నర్సు. స్పీకర్లోంచి ఆవిడ గొంతు కారంతా నిండింది.

"ఏటి సూత్తన్నావురా? బేగి సేతులు కడుక్కో! తల కనబడితే లాగకు, మెల్లగా పట్టుకో. అమ్మా, బయపడకు, నానున్నాను."

మావారు రెండు చేతులతో పాపను అందుకున్నారు. పాప ఏడవలేదు. నా ప్రాణం పోయినట్టయింది.

"తుడిసి, ఈపు రుద్దరా!" అని అరిచింది అత్తమ్మ.

పాప కేర్‌మంది. స్పీకర్లోనూ ఏడుపే. అత్తమ్మ వెక్కివెక్కి ఏడుస్తోంది. పాపను మొదట ఎత్తుకున్నది ఆవిడేనని నాకిప్పటికీ అనిపిస్తుంది.